ఖాళీ గడి

ఫిబ్రవరి. షెటికాంప్‌లో చీకటి నాలుగున్నరకే దుకాణాలు మూయిస్తుంది.
కొండ దిగి సముద్రం మీదికి దూకే గాలికి ఇక్కడొక పేరుంది, స్వెత్ అంటారు.
అది ఎవర్నీ అడగదు.
తలుపులు బాదుతుంది, ఇంటికప్పులు పీకుతుంది,
దానిమీద ఏ చట్టమూ లేదు.

ఒడెట్ శ్యాసన్ మీద ఉంది.
ఊలు అమ్ముకునే ఒడెట్,
పదకొండు వందల నలభై ఈమెయిలు చిరునామాల ఒడెట్,
కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని
ఇవాళ పేర్లు ఏరుతోంది,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు కాదు,
రాళ్లలోంచి బియ్యం ఏరినట్టు.

మౌనం అర్ధాంగీకారం అంటాం మనం.
ఎన్ని పెళ్లిచూపులు ఆ ఒక్క మాటమీద గట్టెక్కాయో!
కెనడా చట్టం ఆ అర్ధాన్ని కూడా ఒప్పుకోదు.
ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి చెల్లదంటుంది,
అవతలి మనిషి చెయ్యి కదలాలంటుంది.
కొన్నవాడికి రెండేళ్లు,
ధర అడిగి వెళ్లిపోయినవాడికి ఆరు నెలలు,
ఆ తర్వాత నువ్వెవరో, అతనెవరో.
'మీకు ఉత్తరం రాయొచ్చా' అని రాయడం కూడా
ఉత్తరమేనట.
తలుపు తట్టొచ్చా అని అడగడానికి
తలుపు తట్టకూడదు.
ఇది చదివిన రోజు ఒడెట్ పగలబడి నవ్వింది.
తర్వాత టీ చల్లారేదాకా నవ్వలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటాం కదా,
అడక్కుండా పెడితే జరిమానా వేసే చట్టం
నాకు మొదట వింతగానే తోచింది,
తెల్లారకముందే ఏడుసార్లు వణికి
నేనడగని అప్పు మంజూరైందని
నా ఫోను నన్ను అభినందించేదాకా.

వరుస నాలుగు వందల పన్నెండు. ఎల్వా దెవో.
చివరిగా కొన్నది బూడిదరంగు ఊలు, మూడు ఉండలు,
ఫిబ్రవరి పంతొమ్మిది, రెండేళ్ల కిందట.
ఇవాళ పద్దెనిమిది.
రాత్రి పన్నెండు దాకా ఆమె అతనికి తెలిసిన మనిషి.
'వసంతానికి కొత్త రంగులు' అని ఉత్తరం సిద్ధంగానే ఉంది,
కింద దుకాణం చిరునామా,
దానికింద చిన్న అక్షరాల్లో 'ఇక వద్దు' అనే దారి.
వేలు మీట మీద పెట్టింది.
ఆ ఊలు ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఆమెకు తెలుసు.
స్వెటరుకి ఒక చెయ్యి ఇంకా రాలేదనీ,
అల్లే చేతులు హేలిఫాక్స్ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదనీ తెలుసు.
తెలిసిందంతా పట్టేంత గడి ఆ పట్టికలో లేదు.
వేలు పక్కకి జరిపి
వరుస మొత్తం చెరిపేసింది.
గాలి పొగగొట్టంలో ఏదో అంది.

ఏప్రిల్లో అతనే వచ్చాడు, బూట్లకి బురదమంచు.
"నీ ఉత్తరాలు ఆగిపోయాయి."
ఒడెట్ సంజాయిషీకి నోరు తెరిచింది.
"కాదు, మంచిదే. రొజాన్ పేరుమీద
చెవిమిషన్ల వాళ్లు రాస్తారు, ఓడ షికార్ల వాళ్లు రాస్తారు.
పుట్టినరోజుకని ఎవరో ఇరవై శాతం తగ్గించారు.
వద్దని నొక్కితే పది పనిదినాలన్నారు.
పదకొండోనాడు, మీరు వెళ్లిపోయినందుకు బాధగా ఉందని
మళ్లీ ఆమెకే రాశారు.
చెప్పకుండా ఆగింది నువ్వొక్కదానివే."

రసీదు పుస్తకం పక్కన కాగితం ఉంది: పేరు, చిరునామా, ఒక గడి.
ఒడెట్ కలం అటు జరిపింది.
అతను గడిని చూశాడు, కలాన్ని, మళ్లీ గడిని.
"కావాల్సినప్పుడు నేనే వస్తాలే" అని
బూడిదరంగు ఉండ ఒకటి కొన్నాడు.
ఎవరు అల్లుతారని ఆమె అడగలేదు.

చట్టం లెక్కన ఈ ఉండతో రెండేళ్లు మళ్లీ మొదలు.
తేదీ రాసుకోవచ్చు, రాసుకుంటే తప్పనేవాడు లేడు.
ఒడెట్ రసీదు చింపి అతనికిచ్చి,
నకలు గల్లాపెట్టెలో వేసి, మూత వేసింది.

నాలుగు వందల పన్నెండో వరుసలో ఇప్పుడు
మోంక్టన్ నుంచి ఎవరో ఉన్నారు.
తన చేత్తోనే టిక్కు పెట్టింది ఆవిడ,
ఎంత గట్టిగా నొక్కిందంటే
కాగితం వెనకవైపు తడిమినా
వేలికి తగులుతుంది.